అత్తమ్మ చిల్లుకాణీలు

మూడు అగరొత్తులు వెలిగించి, నోటితో ఊదకుండా చేత్తో విసిరి మంట ఆర్పి, బూడిద గిన్నెలో గుచ్చేసరికి గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. అవి మొదలంటా కాలడానికి గంట పడుతుంది. ముసురు పట్టిన రోజుల్లో ఇంకాస్త ఎక్కువే, చెమ్మ తగిలిన అగరు ఎవరి కోసమూ తొందరపడదు. అంతసేపూ పెద్దల పీఠం మీద పెట్టిన అన్నం అత్తమ్మది. ఆవిడ తీరిగ్గా తినాలి. మధ్యలో పలకరించకూడదు, ప్రశ్నలు అడగకూడదు, తినేవాళ్ళని అడిగితే ఎవరైనా విసుక్కుంటారు. అసలు తద్దినం రేపు, చుట్టాలంతా రేపే వస్తారు. ఇవాళ ఇంటివాళ్ళు మాత్రమే పిలుచుకునే రోజు, ఇంటివాళ్ళంటే ఇద్దరే, లాయ్, ఆమె మొగుడు ఖియెమ్. అగరొత్తులు కాలాక అతను వచ్చి పీఠం ముందు కాణీలు వేస్తాడు. సైగాన్ వెళ్ళిపోవాలా, ఈ హ్యూ ఊళ్ళోనే ఉండిపోవాలా, కాణీలు ఏది చెబితే అది. మూడేళ్ళుగా నలిగిన మాట ఇవాళ తేలిపోవాల్సిందే, ఎందుకంటే పదకొండింటికి సైగాన్ నుంచి మేస్త్రి లుక్ ఫోన్ చేస్తాడు, ఈసారి కూడా నసిగితే వేరేవాణ్ణి చూసుకుంటానని నిన్ననే చెప్పేశాడు. లాయ్ చాప మీద చతికిలబడి, మోకాళ్ళ చుట్టూ చేతులు చుట్టుకుని, మూడు ఎర్రటి నిప్పుకణాల వంక చూస్తూ కూర్చుంది. చేయడానికి ఏ పనీ లేని గంట ఆమెకు ఈ మధ్యకాలంలో దొరకలేదు.

పెరట్లోంచి టిక్, టిక్ మని చప్పుడు వస్తోంది. ఖియెమ్ పటకారుతో పింగాణీ ముక్కలు కొరుకుతున్నాడు. గుడి కప్పుల మీద, గోపుర ద్వారాల మీద పగిలిన గిన్నెల ముక్కలతో డ్రాగన్లనూ పువ్వులనూ అతికించడం అతని పని, వాళ్ళ నాన్న పని, తాత పని. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో మొగుడి మనసు పటకారు చప్పుడులో వినడం లాయ్‌కి అలవాటైపోయింది. కోపంగా ఉంటే గబగబా కొరుకుతాడు, ముక్కలు వంకరపోతాయి. సంతోషంగా ఉంటే చప్పుడుకీ చప్పుడుకీ మధ్య ముక్కని వెలుతురుకి ఎత్తి చూసుకుంటాడు కాబట్టి ఎడం ఎక్కువ. ఇవాళ చప్పుడు ఎలా ఉందంటే, ఏ మనసూ లేనట్టు, గడియారంలా సమానంగా ఉంది. అదే ఆమెకు నచ్చలేదు. మనిషి మనసు దాచుకోవాలనుకుంటే నోరు మూసుకుంటే చాలు, చేతులు కూడా మూసుకోవాలా. పొద్దున్నే అడిగింది కూడా, నీకు వెళ్ళాలని ఉందా లేదా ఒక్క ముక్క చెప్పవయ్యా అని. నీ ఇష్టం అన్నాడు. నాదేముంది, నీ ఇష్టం అంది తను. మూడేళ్ళుగా ఈ ఇంట్లో జరిగిన చర్చ మొత్తం ఇంతే, ఎవరైనా రాసిపెట్టి ఉంటే ఒక్క పేజీ కూడా నిండేది కాదు. బంతిని ఒకరి వాకిట్లోకి ఒకరు తన్నుకుంటూ, ఇద్దరూ మంచివాళ్ళయిపోయారు, పని మాత్రం కాలేదు.

పీఠం పక్క గోడ మీద బొగ్గు గీతలు ఉన్నాయి. వరద వచ్చిన ప్రతి ఏడూ నీళ్ళు ఎంతవరకు ఎక్కాయో అత్తమ్మ గీసిపెట్టేది, పక్కన ఏడాది రాసేది. ఆవిడ పోయాక ఖియెమ్ గీస్తున్నాడు. ఈ ఏటి గీత ఇంకా నల్లగా నిగనిగలాడుతోంది, కూర్చున్న లాయ్ చెవి దగ్గరకు వస్తుంది. నీళ్ళు దిగి పన్నెండు రోజులే అయింది. సగం సామాను ఇంకా అటక మీదే ఉంది, కాణీల పళ్ళెం పెట్టే ఎత్తుపీట కూడా, దాని కాలు ఒకటి నీళ్ళలో ఊడి ఎటో కొట్టుకుపోయింది. ఏటా ఇదే తంతు. వరద వచ్చి అటక మీద కూర్చుని, పొయ్యి లేక ఎండు నూడుల్స్ నములుతున్నప్పుడు ఈ ఊరొద్దు, ఈ నదొద్దు, పోదాం పద అనుకోవడం. నీళ్ళు తీసి, బురద ఊడ్చి, నేల కడిగి, ఎండ కాసి, గడపలో కూర్చుని టీ తాగేసరికి ఎక్కడికి పోతాంలే అనుకోవడం. బురదలో తీసుకున్న నిర్ణయం ఎండలో ఎండిపోతుంది. నవ్వొచ్చింది ఆమెకు. పక్కింటావిడ కూడా అంతే, వీధంతా అంతే, వీధికి వీధే ఏటా సైగాన్ బయల్దేరి గుమ్మం దాటకుండా తిరిగొస్తుంటుంది.

మధ్య అగరొత్తి బూడిద రాలకుండా వంకీ తిరుగుతోంది. అలా చుట్టుకుంటే పెద్దలు తృప్తిగా తింటున్నట్టు. తింటుందిలే, ఎందుకు తినదు, పెట్టింది ఏమిటని. చద్దన్నం మీద ఉడికించిన చిట్టి ఆల్చిప్పల మాంసం, సన్నగా తరిగిన అరటిపువ్వు, చేమకాడ, వేయించిన వేరుశెనగలు, రొయ్యల ముద్ద, కారం. గొంతు మండి కళ్ళల్లోంచి నీళ్ళు కారేంత కారం. అదే లాయ్ పొద్దుటిపూట బడి గోడ పక్కన కూర్చుని అమ్మే అన్నం. అత్తమ్మకి అదంటే ప్రాణం, చివరి రోజుల్లో డాక్టరు కారం మానమంటే డాక్టర్నే మానేసింది. అన్నం పెట్టిన గిన్నె కూడా ఆవిడదే, నీలం గీతల పాత గిన్నె, అడుగున గుండ్రంగా నీలం వలయం. వరద కబురు వినపడితే అత్తమ్మ మొట్టమొదట అటక ఎక్కించేది బియ్యాన్ని కాదు, దుప్పట్లను కాదు, ఈ గిన్నెని. ఎందుకంటే దాన్ని నీళ్ళ నుంచి కాపాడాలి, కొడుకు నుంచి కూడా కాపాడాలి. ఖియెమ్‌కి ఏ గిన్నె చూసినా పగలగొడితే ఎన్ని పొలుసులొస్తాయనే ధ్యాసే. పెళ్ళయిన కొత్తలో విందుకి పిలిచినవాళ్ళింట్లో కూర గిన్నె తిరగేసి చూశాడని లాయ్ తల ఎత్తుకోలేకపోయింది. ఈ నీలం గిన్నె మీద అతని కన్ను చిన్నప్పటి నుంచీ ఉంది. అడుగు వలయం డ్రాగన్ కంటికి సరిగ్గా సరిపోతుందట. నేను పోయాక కూడా ముట్టుకోకు అని అత్తమ్మ వేలు చూపించి చెప్పింది, అతను ముట్టుకోలేదు.

అసలు ఈ ఇంటి నేల మీద తను కూర్చోవడమే ఒక విచిత్రం. లాయ్ పుట్టింది పడవలో. సుగంధ నది మీద వరసగా కట్టిన పడవల్లో ఒకటి, వంటా నిద్రా పురుళ్ళూ చావులూ అన్నీ అందులోనే. నాన్న నడుంలోతు నీళ్ళలో నిలబడి గంపతో ఇసుక దేవేవాడు, చింతగింజ కన్నా చిన్న ఆల్చిప్పలు దొరికేవి, అమ్మ వాటిని ఉడకబెట్టి కలియబెడితే గుల్లలు అడుక్కి దిగి మాంసం పైకి తేలేది. పడవవాళ్ళంటే ఒడ్డువాళ్ళకి చిన్నచూపు. నేల లేనివాళ్ళు, పీఠం లేనివాళ్ళు, ఇవాళ ఈ వంతెన కింద, రేపు ఆ వంతెన కింద. గుడి కప్పు బాగుచేయడానికి వచ్చి మధ్యాహ్నం రేవులో చేతులు కడుక్కునే ఖియెమ్, కడిగిన చేతులే మళ్ళీ మళ్ళీ కడుక్కోవడం చూసి అమ్మే ముందు కనిపెట్టింది. వీడికి సున్నం వదలడం లేదా, నిన్ను చూడ్డం వదలడం లేదా అంది. కానీ ఖియెమ్ చిన్నాన్నలు ఇద్దరూ చస్తే ఒప్పుకోమన్నారు. పడవ పిల్ల ఈ పీఠం ముందు అగరొత్తి వెలిగించడమేమిటన్నారు. అప్పుడు అత్తమ్మ, పెద్దలనే అడుగుదాం, వాళ్ళు వద్దంటే నేనూ వద్దంటాను అంది. అందరినీ కూర్చోబెట్టి, పీఠం ముందు పళ్ళెం పెట్టి, చతురస్రపు చిల్లున్న రెండు రాగి కాణీలు తీసింది. ఒక్కోదానికి ఒకవైపు సున్నం రాసి ఉంటుంది. ఒకటి తెల్లగా, ఒకటి ఎర్రగా పడితే పెద్దలు ఒప్పుకున్నట్టు. రెండూ ఒకే రంగు పడితే వద్దన్నట్టు. ఆ రోజు లాయ్ రేవు మెట్ల మీద కూర్చుని ఉంది, ఇలాంటిదే ముసురు, ఇలాగే మోకాళ్ళ చుట్టూ చేతులు. ఖియెమ్ పరిగెత్తుకుంటూ వచ్చి రెండు వేళ్ళు చూపించాడు, ఒకటి పైకి, ఒకటి కిందకి. మొదటిసారి వేయగానే పెద్దలు ఒప్పుకున్నారు. చిన్నాన్నలు ఇక నోరెత్తలేదు.

ఈ నేల మీద మొదట పడుకున్నప్పుడు కదలని నేల ఎంత భయపెట్టిందో. ఊగని చోట నిద్ర ఎలా పడుతుంది. మూడో రోజుకి అత్తమ్మకి అర్థమైంది, పెరట్లో జామచెట్టుకి ఊయల మంచం కట్టింది, కోడలు పిల్లకి నేల అలవాటయ్యేదాకా ఇందులో పడుకుంటుంది, ఎవరికైనా నొప్పా అంది వీధి వినేట్టు. కావడి కొనిచ్చింది, బడి గోడ పక్కన చోటు చూపించింది, నీ చేతికి గుల్లల రుచి తెలుసు పిల్లా, దాన్ని వదులుకోకు అంది. పిల్లలు కలగలేదు. ఒకసారి కడుపు నిలిచింది, పోయింది, మళ్ళీ నిలవలేదు. చిన్నాన్నల భార్యలు ఏం మాట్లాడుకున్నారో లాయ్‌కి తెలుసు, కానీ అత్తమ్మ నోటి నుంచి ఆ మాట ఒక్కనాడూ రాలేదు, కనీసం నిట్టూర్పుగానైనా రాలేదు. ఎవరైనా ఎత్తితే వాళ్ళ చేతిలో ఒక గిన్నె అన్నం పెట్టేది, ఆ కారానికి వాళ్ళిక మాట్లాడలేకపోయేవాళ్ళు. లాయ్ చేతులు జోడించింది, అడగడానికి కాదు, ఊరికే. అత్తమ్మా, నీకు దండం పెట్టుకోవడానికి నాకు తద్దినమే అక్కర్లేదు.

టిక్ చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

అత్తమ్మ కాణీల రహస్యం చెప్పింది కూడా ఇలాంటి పొద్దుటిపూటే, ఎనిమిదేళ్ళ కిందట, పోవడానికి నెల ముందు. మంచం మీద లేచి కూర్చుని కాణీల పెట్టె తెమ్మంది, పళ్ళెం తెమ్మంది, తలుపు వెయ్యమంది. రెండు కాణీలనూ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుంది, ఒకటి తెలుపు పైకి, ఒకటి ఎరుపు పైకి. బొటనవేలు వాటి మీద ఆనించి మూసింది. చేతిని పళ్ళానికి బెత్తెడు ఎత్తులో ఉంచి, విసరకుండా, ఎసట్లోకి బియ్యం జార్చినట్టు మెల్లగా జార్చింది. తెలుపు, ఎరుపు. మళ్ళీ చేసింది. తెలుపు, ఎరుపు. లాయ్ కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తుంటే పళ్ళు లేని నోటితో నవ్వింది. ఎత్తు నుంచి వేస్తే అవి చెబుతాయి, తక్కువ నుంచి జారిస్తే మనం చెబుతాం అంది. పెద్దవాళ్ళకి చెవుడు పిల్లా, కాస్త సాయం చెయ్యాలి. అయితే నా పెళ్ళికి కూడానా, అని అడిగింది లాయ్. నీ పెళ్ళికే, అంది అత్తమ్మ, జన్మలో ఆ ఒక్కసారే. నా పెద్దలని నేను మోసం చేశానని అనుకోకు, పైకి వెళ్ళాక క్షమాపణ చెప్పుకుంటాను, వాళ్ళూ నీ చేతి అన్నం తింటున్నారుగా, ఏమీ అనరు. ఆ తరవాత లాయ్ చెయ్యి పట్టుకుని ఒకే ఒక్క షరతు పెట్టింది, నీ కోసం ఎప్పుడూ చెయ్యకు, మీ ఆయన కోసమైతే చెయ్యి. ఆ మాట లాయ్ అప్పుడు సరిగ్గా వినలేదు. ఏడుస్తోంది. చిన్నాన్నలనీ, తాతలనీ, ముత్తాతలనీ, అందరినీ ఒక బొటనవేలితో నొక్కిపట్టి తనని లోపలికి రానిచ్చిందన్నమాట ఈ ముసలావిడ, అదే తలచుకుని ఏడుస్తోంది.

కానీ కాణీలు వేయాల్సింది కొడుకు. కోడలు వెనక నిలబడి కళ్ళు మూసుకుని చేతులు జోడించాలి. లుక్ మేస్త్రి మొదటిసారి పిలిచిన ఏడాది ఖియెమ్ వేశాడు, మూడుసార్లు వేసినా మూడుసార్లూ రెండు తెలుపులే. పోయిన తద్దినానికి మళ్ళీ అడిగాడు, మళ్ళీ రెండు తెలుపులు. అమ్మ వద్దంటోంది, ఏం చేస్తాం అన్నాడు. పెరట్లోకి పోయి ముక్కలు కొరుక్కున్నాడు. అప్పుడు తనకి కలిగిన సంతోషం తలచుకుంటే లాయ్‌కి ఇప్పటికీ సిగ్గు. అత్తమ్మ తన మనసు చదివినట్టే అనిపించింది, వెళ్ళకు పిల్లా, నేను మోసం చేసి తెచ్చిన చోటు నుంచి కదలకు అన్నట్టే వినిపించింది. ఆ సాయంత్రం గొంతు విప్పి పాట పాడుకుంటూ గుల్లలు కడిగింది. మొగుడు ఆ పాట వింటూ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అతనికి వెళ్ళాలని ఉందా అన్న అనుమానం అప్పుడు రాకపోలేదు. వచ్చింది, దాన్ని గుల్లలు కడిగిన నీళ్ళతో పాటు ఒంపేసింది.

వెళ్ళాలని ఎందుకుండదు. ఇక్కడ పనులన్నీ పెద్దన్న తాన్‌వి. తాన్ పెదనాన్న కొడుకు, వంశంలో పెద్ద, అందుకని డ్రాగన్ తల ఎప్పుడూ అతనే చేస్తాడు, కళ్ళూ మీసాలూ కోరలూ అతనివే. ఖియెమ్‌వి పొలుసులు. ఇరవై రెండేళ్ళుగా పొలుసులు, పొలుసులు, తోక దాకా పొలుసులు. తాన్ చెడ్డవాడు కాడు, ఆచారం అంతే, పెద్దవాడుండగా చిన్నవాడు తల ముట్టుకోడు. అక్కడ సైగాన్‌లో హ్యూ నుంచి వెళ్ళి స్థిరపడ్డవాళ్ళంతా కలిసి గుడి కట్టుకుంటున్నారు, గోడలు లేచాయి, కప్పు పడింది, ఇక మీదికెక్కాల్సింది డ్రాగన్లే. నాలుగు డ్రాగన్లు, నాలుగు తలలూ నువ్వే చెయ్యాలి అన్నాడు లుక్. ఆ మాట ఖియెమ్ ఇంట్లో చెప్పేటప్పుడు నాలుగేళ్ళ పని ఉంటుందట, అద్దె గది వాళ్ళే ఇస్తారట అని చెప్పాడే గాని, తలలు అన్న మాట చెప్పలేదు. తాన్ భార్య చెబితే తెలిసింది. ఇంకొకటి కూడా ఉంది, అది తలచుకోకూడదనుకుంటూనే పన్నెండు రోజులుగా తలచుకుంటోంది. వరద దిగిన పొద్దున నేల మీద రెండు వేళ్ళ మందాన మెత్తటి బురద పరుచుకుని ఉంది. చీపురు పట్టుకుని అటక దిగేసరికి ఖియెమ్ గొంతుక్కూర్చుని బురదలో చూపుడువేలితో గీస్తున్నాడు. డ్రాగన్ తల. గది ఈ మూల నుంచి ఆ మూల దాకా, విప్పిన నోరు, ఎగిరే మీసాలు, గుండ్రటి కన్ను. అంత పెద్దది, అంత బాగున్నది ఏ గుడి మీదా ఆమె చూడలేదు. తనని చూసి గభాలున లేచి, పిక్కలకి చేతులు తుడుచుకుంటూ, కడిగెయ్, ఎండిపోతే ఊడదు అన్నాడు. ఆమె కడిగేసింది. మీసాల వైపు నుంచి మొదలుపెట్టి, కన్ను చివర్న కడిగింది.

అయితే తన భయం ఏమిటి అసలు. తనని తనే అడుక్కుంది. అత్తమ్మ పీఠమా. బూడిద గిన్నెలోంచి మూడు చెంచాల బూడిద మూటకట్టుకుని వెళ్ళి కొత్త ఇంట్లో గిన్నెలో పోస్తే పెద్దలు వెంట వస్తారు, అందరూ చేసేదే. పెద్దల గురించి కాదు. గుల్లలా. సైగాన్‌లోనూ హ్యూవాళ్ళున్నారు, రైలుకి ఎక్కిస్తే గుల్లలు ఒక పగలూ ఒక రాత్రీలో అక్కడికొస్తాయి, రుచి కాస్త తగ్గితే కారం పెంచొచ్చు. బడి గోడ దగ్గర పొద్దున్నే వచ్చే మనుషులా. వాళ్ళు గుర్తుకొస్తారు, నిజమే. ఇక్కడ తనని పడవదానా అని పిలిచేవాళ్ళు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు, అక్కడ అలా పిలవడానికైనా తనని ఎరిగినవాళ్ళు ఉండరు. అసలు సంగతి ఇది, లాయ్, ఒప్పుకో. నది మీద తేలిన మనిషికి జీవితంలో ఒక్కటే నేల దొరికింది, అది ఈ పదహారు అడుగుల గది. దీని మీంచి కాలు తీస్తే మళ్ళీ ఊగుతుందేమోనని భయం. పడవలో ఊగితే నిద్ర పట్టేది, ఇప్పుడు పట్టదు. అంతే. ఇంత చిన్న భయం కోసం ఒక మనిషి ఇరవై రెండేళ్ళు తోక దగ్గరే కూర్చోవాలా.

కుడివైపు అగరొత్తి కాలిపోయింది. మిగతావి వేలెడున్నాయి. కాణీలు నేను వేస్తానని అడిగితే? అడిగితే ఇస్తాడు. బెత్తెడు ఎత్తు నుంచి జారిస్తే చాలు. ఏ రంగు పైకి పెట్టాలి మరి. ఆమె బొటనవేలు దానంతట అదే చూపుడువేలిని రుద్దుకుంది. వద్దు, ఇది అత్తమ్మ మాట, రెండేళ్ళూ ఆవిడే చెప్పింది, మూడోసారీ ఆవిడనే చెప్పనిద్దాం. ఒప్పుకుంటే నోరుమూసుకుని మూట కడతాను. వద్దంటే, ఈసారి మాత్రం పాట పాడను.

పటకారు చప్పుడు ఆగిపోయింది. కుండలోంచి నీళ్ళు ముంచుకున్న చప్పుడు, చేతులు కడుక్కుంటున్న చప్పుడు, మళ్ళీ కడుక్కుంటున్న చప్పుడు. ఖియెమ్ తలుపు దగ్గర చెప్పులు విడిచి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. యాభై దగ్గరపడుతున్న మనిషి, వేళ్ళ నిండా తెగిన గీతలు. పీఠానికి మూడుసార్లు వంగి దండం పెట్టి, పెట్టెలోంచి కాణీలు తీశాడు. పళ్ళెం పెట్టడానికి ఎత్తుపీట కోసం అటూ ఇటూ చూశాడు. పీటకి కాలు లేదు కదా, మర్చిపోయావా, అంది లాయ్, ఇటివ్వు, నేను పట్టుకుంటాను. ఒక్క క్షణం తటపటాయించాడు. నేల మీద పెడదాంలే, నువ్వు వెనక నిలబడు అన్నాడు. పెద్దల పళ్ళెం నేల మీద పెడతారా ఎక్కడైనా, అంటూ ఆమె పళ్ళెం రెండు చేతులా పట్టుకుని అతని ఎదురుగా నిలబడింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె ముందువైపు నుంచి, కళ్ళు తెరుచుకుని, జానెడు దూరంలో అతని చేతిని చూసింది.

అతను కళ్ళు దించుకుని పెదాలు కదిలిస్తున్నాడు. అరచేతిలో కాణీలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు. వేలికొసతో ఎర్రదాన్ని తిప్పాడు. తెలుపు, తెలుపు. బొటనవేలు వాటి మీద ఆనించాడు. చేతిని పళ్ళానికి బెత్తెడు ఎత్తుకి దించాడు.

లాయ్‌కి ముందు అర్థం కాలేదు. తరవాత ఒక్కసారిగా అంతా అర్థమైంది, మొదటి ఏడు మూడుసార్లు రెండు తెలుపులు, పోయిన ఏడు రెండు తెలుపులు, అమ్మ వద్దంటోంది ఏం చేస్తాం, గోడకి ఆనుకుని తన పాట విన్న మొహం. అత్తమ్మ ఏమీ చెప్పలేదు. ఆవిడ ఆ రెండేళ్ళూ హాయిగా అన్నం తిని వెళ్ళిపోయింది. వద్దన్నది ఈ మనిషి. నాలుగు తలలనీ ఈ బొటనవేలి కింద పెట్టి నొక్కేశాడు, తను పాడుకోవడానికి.

"ఆగు," అంది.

అతను ఆగాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

"అత్తమ్మ నీకు కూడా నేర్పిందా?"

ముసురు కప్పు మీద సన్నగా పడుతోంది. అతను దొరికిపోయిన దొంగలా కాక, బరువు దించుకున్న కూలీలా భుజాలు జార్చాడు.

"నీకు కూడానా? అంటే నీకూ చెప్పిందన్నమాట ముసల్ది. అది నోరు తెరిచి అడగదురా, నువ్వే కనిపెట్టి చూసుకో అంది. నీ కోసం ఎప్పుడూ చెయ్యకు, దాని కోసమైతే చెయ్యి అంది."

ఆ మాట ఇప్పుడు లాయ్‌కి సరిగ్గా వినిపించింది. ఒకే షరతుని రెండు ముక్కలు చేసి ఇద్దరి చేతుల్లో చెరొకటి పెట్టి వెళ్ళిపోయింది ఆవిడ. తన ముక్కని తను ఎనిమిదేళ్ళు మర్చిపోయింది, ఇతను మర్చిపోలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. కోపం రావాలి కదా, రాలేదు. తన కోసం పెద్దలని మోసం చేసినవాళ్ళు ఒకరు కాదు, ఇద్దరు. పడవలో పుట్టిన పిల్లకి ఇంతకన్నా ఎవరు ఏమిస్తారు.

"పట్టుకో," అని పళ్ళెం అతని చేతిలో పెట్టింది. కాణీలు తను తీసుకుంది. దాచలేదు, పక్కకి తిరగలేదు, అతను చూస్తుండగానే, పీఠం మీంచి అత్తమ్మ ఫోటో చూస్తుండగానే, ఒకటి తెలుపు పైకి, ఒకటి ఎరుపు పైకి పెట్టింది. బొటనవేలు ఆనించింది. ఎసట్లోకి బియ్యం జార్చినట్టు మెల్లగా జార్చింది. రాగి పళ్ళెం మీద చిన్న చప్పుడు.

"ఒప్పుకుంది," అంది లాయ్.

"లాయ్, నీకు ఇక్కడే..."

"పెద్దలు ఒప్పుకున్నాక మాట్లాడకూడదు."

అతను పళ్ళెంలోకి అలాగే చూస్తూ నిలబడ్డాడు. చివరి అగరొత్తి కూడా కాలిపోయింది, వంకీ తిరిగిన బూడిద రాలలేదు. ఆమె పీఠం మీంచి నీలం గిన్నె దించి, రెండు చెంచాలు వేసి, చాప మీద ఇద్దరి మధ్యా పెట్టింది. పెద్దలు తిన్న అన్నం చల్లారాకే బాగుంటుంది. రెండో ముద్దకే అతని ముక్కు ఎర్రబడింది, కళ్ళు కారాయి, కారం ఎక్కువైందన్నాడు, అవునంది. ఇద్దరూ కళ్ళు తుడుచుకుంటూ తిన్నారు. పదకొండింటికి ఫోన్ మోగింది. అతను ఆమె వంక చూశాడు, ఆమె గడ్డంతో ఫోన్ వైపు చూపించింది. వస్తున్నాం మేస్త్రీ, ఇద్దరం, అన్నాడు. అవతల లుక్ ఏదో పెద్దగా అంటున్నాడు, ఇతను అవును అవును అంటూ పెరటి తలుపు దాకా నడిచి వెనక్కి వచ్చాడు.

అతను ఫోన్ పెట్టేసేసరికి లాయ్ గిన్నె కడిగి, చొక్కా అంచుతో పొడిగా తుడిచింది. తిరగేసి అడుగున నీలం వలయం ఒకసారి చూసింది. అతని చేతిలో పెట్టింది.

"ఇది అమ్మ గిన్నె," అన్నాడు, వేళ్ళు మూయకుండా.

"తెలుసు. నీ మొదటి డ్రాగన్‌కి పెట్టు," అంది లాయ్. "ఎంత వరదొచ్చినా అంత ఎత్తుకి నీళ్ళు రావు."